ఎవరూ ఆడని ఫైనల్స్

అమెరికా బేస్‌బాల్‌లో వరల్డ్ సిరీస్ 1903లో మొదలైంది. ఇప్పుడున్న పద్ధతిలో ఏడు మ్యాచ్‌ల్లో ముందుగా నాలుగు గెలిచిన జట్టే విజేత. ఆ సిరీస్ రికార్డుల మీద పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. ఇక్కడ చెప్పబోయేవి ఆ రికార్డులు కావు. నవలల్లో, సినిమాల్లో, వంటింటి బల్లల మీద, కంప్యూటర్లలో మాత్రమే నడిచిన లీగ్‌ల సంగతులివి. మైదానంలో ఎవరూ బంతి విసరలేదు, బ్యాటు పట్టలేదు. అయినా వీటిలో పెద్దపెద్ద ఫైనల్స్ జరిగాయి, జనం ఏడ్చారు, జట్లు చరిత్రకెక్కాయి. వీటిని నడిపినవాళ్లు స్కోరుకు కట్టుబడ్డారు. పాచిక ఏది చూపితే అదే రాసుకున్నారు. నాకు వీళ్ల మీద గౌరవం కలిగింది అందుకే.

చనిపోయినవాళ్లు గెలిచిన ఫైనల్

2020 జూలై. కోవిడ్‌తో లోకం ఇళ్లలో బందీ అయి ఉంది. లాస్ ఏంజెలెస్‌లోని ‘ద గేమ్ బ్యాండ్’ అనే చిన్న సంస్థ ‘బ్లేస్‌బాల్’ అనే లీగ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇరవై జట్లు. ఆటగాళ్లందరూ కంప్యూటర్ పుట్టించిన పేర్లే. బొమ్మలు లేవు, వీడియో లేదు, ఫలానావాడు కొట్టాడు, ఫలానావాడు ఔటయ్యాడు అంటూ అక్షరాలు కదులుతాయి, అంతే. సోమవారం నుంచి శుక్రవారం దాకా గంటకో మ్యాచ్. శనివారం ప్లేఆఫ్స్, ‘ఇంటర్నెట్ సిరీస్’ అనే ఫైనల్. ఆదివారం ఎన్నికలు! అభిమానులు ఓట్లేసి లీగ్ రూల్స్‌నే మార్చవచ్చు. వారానికో సీజన్ చొప్పున పూర్తయ్యే పెద్ద లీగ్ నాకు తెలిసి ఇదొక్కటే.

మొదటి సీజన్ ముగిశాక ఆ ఓటర్లు చేసిన పని చూడండి. తెరవకూడని పుస్తకం ఒకటుంది, తెరుద్దామా అని అడిగితే తెరవమన్నారు. దాంతో మోయాబ్ ఎడారిని నరకద్వారం మింగేసింది, అంపైర్లు ఆటగాళ్లను కాల్చి బూడిద చేయడం మొదలుపెట్టారు. ముందు పోయింది సియాటిల్ గరాజెస్ జట్టులో బంతి విసిరే పిచ్చర్ జేలెన్ హాట్‌డాగ్‌ఫింగర్స్. పేరు వింటే నవ్వొస్తుంది కానీ, అభిమానులు నిజంగానే దిగులుపడ్డారు. పాటలు కట్టారు, ఒక బ్యాండే పుట్టింది.

తర్వాత జరిగింది ఈ లీగ్ మొత్తంలో అన్నిటికన్నా తెలివైన ఎత్తు. ఆరో సీజన్ ఎన్నికల్లో ఒక వరం ఉంది: అభిమానుల ఆదరణ పట్టికలో పద్నాలుగో స్థానంలో ఉన్న ఆటగాడు గెలిచిన జట్టుకు దక్కుతాడు. చనిపోయినవాళ్లు ఆ పట్టికలో ఉండకూడదని రూల్ ఎక్కడా లేదు. అది గమనించిన వేలాది మంది కూడబలుక్కుని జేలెన్‌ను సరిగ్గా పద్నాలుగో స్థానంలో నిలబెట్టారు. ఒక స్థానం పైకి పోయినా, ఒకటి కిందికి జారినా పథకం చెడేది. చెడలేదు, జేలెన్ తిరిగొచ్చింది. కానీ ఊరికే రాలేదు, అప్పుతో వచ్చింది. ఆ చేతి బంతి తగిలిన బ్యాటర్లకు చావు ముప్పు పట్టుకుంది, కొందరు నిజంగానే కాలిపోయారు. బతికించిన అభిమానులే ఆ పేర్లు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

టైటిళ్ల లెక్క కూడా చెప్పుకోవాలి. మొదటి రెండు ఫైనల్స్ ఫిల్లీ పైస్ గెలిచింది. మూడు, నాలుగు హేడిస్ టైగర్స్‌వి. మూడు టైటిళ్లు ముందుగా అందుకున్నది బాల్టిమోర్ క్రాబ్స్. మూడోది పదో సీజన్‌లో గెలిచింది. గెలిచిన ఆనందం నిలవకముందే ఈ లీగ్ దేవుడు ఎదురొచ్చాడు. ఆ దేవుడు ఒక పెద్ద వేరుశనగ కాయ. అభిమానుల ఆదరణ ఎక్కువగా ఉన్న జెస్సికా టెలిఫోన్ వంటి ఆటగాళ్లను అప్పటికే డొల్లల్లో బంధించి, వాళ్లతోనే తన జట్టు కట్టుకుని ఉన్నాడు. క్రాబ్స్ ఆ జట్టు ముందు నిలవలేకపోయింది. అప్పుడు దిగింది ‘హాల్ స్టార్స్’. అంతకుముందు సీజన్లలో కాలిపోయిన ఆటగాళ్ల జట్టు అది. ఏ సీజన్‌లో ఎవరు పోయారో, ఏ పేరుకు ఎంతమంది నివాళి ఇచ్చారో అభిమానులకు కంఠతా వచ్చు. ఆ చనిపోయినవాళ్లే దేవుడి జట్టును ఓడించారు. తెర మీద కదిలినవి అక్షరాలే. వాటిని చూస్తూ ఎన్నో దేశాల్లో జనం కుర్చీల్లోంచి లేచారు. ఊహాలోకపు ఫైనల్స్‌లో గొప్పది ఏదని అడిగితే నా ఓటు దీనికే.

2023 జూన్‌లో ఈ లీగ్ శాశ్వతంగా ఆగిపోయింది.

మూడు పాచికలు, ఒక బంతి

బ్లేస్‌బాల్ కన్నా యాభై ఏళ్లకు పైగా పాతదైన లీగ్ ఒకటి నవలలో ఉంది. రాబర్ట్ కూవర్ 1968లో అచ్చు వేసిన ‘ద యూనివర్సల్ బేస్‌బాల్ అసోసియేషన్’లో జె. హెన్రీ వా అనే యాభయ్యారేళ్ల గుమాస్తా ఉంటాడు. పగలంతా ఆఫీసులో పద్దులు రాస్తాడు. రాత్రుళ్లు వంటింటి బల్ల ముందు కూర్చుని మూడు పాచికలతో ఎనిమిది జట్ల లీగ్ నడుపుతాడు. ఆటగాళ్లకు పుట్టుక, పెళ్లి, రాజకీయం, మరణం అన్నీ ఉంటాయి. హెన్రీ పుస్తకాల్లో అప్పటికి యాభయ్యారో సీజన్ నడుస్తోంది. మూడు పాచికలు కలిపి వేస్తే రాగల కలయికలు కూడా సరిగ్గా 56. కూవర్ ఈ అంకెను ఊరికే పెట్టలేదు.

డేమన్ రూథర్‌ఫర్డ్ అనే కుర్ర పిచ్చర్ ఒక రాత్రి పర్ఫెక్ట్ గేమ్ వేస్తాడు. అంటే ఇరవై ఏడు మంది బ్యాటర్లు వచ్చి, ఒక్కరూ మొదటి బేస్ కూడా అందుకోకుండా వెనక్కి వెళ్లడం. నిజం వరల్డ్ సిరీస్ మొత్తంలో ఇది ఒక్కసారే జరిగింది. 1956 అక్టోబరు 8న యాంకీస్ పిచ్చర్ డాన్ లార్సెన్ చేశాడు. ఆ ఏడాది చివరి రెండంకెలు కూడా 56. డేమన్ హెన్రీకి కన్నకొడుకు కన్నా ఎక్కువైపోతాడు. తర్వాతి ఆటలో డేమన్ బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు పాచికలు మూడు ఒకట్లు చూపిస్తాయి. మళ్లీ మూడు ఒకట్లు. అలా పడితే అరుదైన ఘటనల పట్టిక తెరవాలని హెన్రీ తానే రాసుకున్న రూల్. మూడోసారి కూడా మూడు ఒకట్లే. పట్టికలో ఆ గడిలో ఉన్నది: బంతి తగిలి బ్యాటర్ మృతి. ఇలా వరుసగా పడే అవకాశం కోటికి పైగా సార్లలో ఒక్కసారి.

హెన్రీ ఆ పాచికలను మళ్లీ వేసి ఉంటే అడిగేవాళ్లెవరు? గదిలో ఉన్నది ఒక్కడే. కానీ వేయలేదు, రూల్ ప్రకారం డేమన్ పోయినట్టే రాశాడు. తర్వాత కొంతకాలానికి, బంతి విసిరిన జాక్ కేసీ వంతు వచ్చినప్పుడు మాత్రం హెన్రీ చేయి అదుపు తప్పింది. మూడు ఆర్లు కనబడేలా పాచికలను తన చేత్తో అమర్చాడు. కేసీ చచ్చిపోయాడు. లీగ్ చరిత్రలో పాచిక చెప్పని ఫలితం అదొక్కటే. ఆ పని చేసినందుకు హెన్రీ బతుకూ మిగల్లేదు. చివరి అధ్యాయం వందేళ్ల తర్వాత జరుగుతుంది. అందులో హెన్రీ కనిపించడు. ఆటగాళ్లు డేమన్ మరణాన్ని ఒక పండగలాగా మళ్లీ ఆడుతుంటారు. పాచిక తిప్పిన మనిషి పోయినా లీగ్ నడుస్తూనే ఉంది.

ఈ కథకు ముందే నిజంగా ఒక మరణం ఉంది. 1920 ఆగస్టు 16న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో యాంకీస్ పిచ్చర్ కార్ల్ మేస్ విసిరిన బంతి క్లీవ్‌లాండ్ షార్ట్‌స్టాప్ రే చాప్‌మన్ తలకు తగిలింది. అప్పట్లో బ్యాటర్లకు హెల్మెట్లు లేవు. బంతి మట్టితో, ఉమ్మితో నల్లబడి ఉండేది, సాయంత్రం వెలుగులో సరిగా కనబడేది కాదు. చాప్‌మన్ మర్నాడు తెల్లవారుజామున చనిపోయాడు. వయసు 29. మేజర్ లీగ్ మ్యాచ్‌లో బంతి తగిలి ప్రాణం పోయిన ఆటగాడు ఇప్పటికీ అతనొక్కడే.

అతను లేని క్లీవ్‌లాండ్ జట్టు ఆ ఏడాదే బ్రూక్లిన్ మీద వరల్డ్ సిరీస్ గెలిచింది. ఐదో మ్యాచ్ అక్టోబరు 10న జరిగింది. ఆ ఒక్క రోజులో ఎన్ని వింతలో చూడండి: వరల్డ్ సిరీస్‌లో మొట్టమొదటి గ్రాండ్ స్లామ్, అంటే మూడు బేస్‌లూ నిండి ఉండగా హోమ్‌రన్, ఎల్మర్ స్మిత్ కొట్టాడు. అక్కడ హోమ్‌రన్ కొట్టిన మొదటి పిచ్చర్ జిమ్ బాగ్బీ. బిల్ వామ్స్‌గాన్స్ గాల్లో వచ్చిన బంతి పట్టి, బేస్ తొక్కి, ఎదురుగా పరుగెత్తుతున్నవాణ్ణి ముట్టుకుని ఒక్కడే ముగ్గురిని ఔట్ చేశాడు. వరల్డ్ సిరీస్‌లో ఒకే ఆటగాడు ఇలా మూడు ఔట్లు చేయడం అప్పటికీ ఇప్పటికీ అదే. కూవర్ పట్టికలో ఇవన్నీ ఒకే రోజు రాసి ఉంటే అతిశయోక్తి అనేవాళ్లం.

అన్నిటికన్నా పొడవైన మ్యాచ్

ఊహలో ఈ రికార్డు కెనడా రచయిత డబ్ల్యూ. పి. కిన్సెల్లాది. 1986 నవల ‘ది అయోవా బేస్‌బాల్ కాన్ఫెడరసీ’లో 1908 నాటి చికాగో కబ్స్ ఒక అయోవా ఆల్‌స్టార్ జట్టుతో మ్యాచ్ మొదలుపెడుతుంది. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో అయిపోవాల్సింది, నలభై రోజులపాటు వానలో రెండు వేల ఇన్నింగ్స్ దాటిపోతుంది.

నిజంగా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పొడవైనది 33 ఇన్నింగ్స్. 1981 ఏప్రిల్ 18న, ఈస్టర్ ముందు రాత్రి, రోడ్ ఐలాండ్‌లోని పాటకెట్ రెడ్ సాక్స్, రోచెస్టర్ రెడ్ వింగ్స్ తలపడ్డాయి. ఇంత రాత్రయ్యాక ఆట ఆపాలన్న నిబంధన అంపైర్ల దగ్గరున్న నియమావళిలో అచ్చు కాలేదు. చలి తట్టుకోలేక ఆటగాళ్లు విరిగిన బ్యాట్లను మంట వేసుకున్నారు. తెల్లవారి నాలుగింటికి, 32 ఇన్నింగ్స్ అయ్యాక, లీగ్ అధ్యక్షుడు ఫోన్లో దొరికి ఆపించాడు. అప్పటికి స్టాండ్స్‌లో మిగిలింది 19 మంది. జూన్ 23న మళ్లీ మొదలుపెడితే 18 నిమిషాల్లో తేలిపోయింది. పాటకెట్ 3-2తో గెలిచింది. తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరిన వేడ్ బాగ్స్, కాల్ రిప్కెన్ ఇద్దరూ ఆ రాత్రి మైదానంలో ఉన్నారు. వరల్డ్ సిరీస్ వరకు చూస్తే 2018లోనూ 2025లోనూ మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ దాకా సాగింది. రెండుసార్లూ గెలిచింది డాడ్జర్సే. 2018 మ్యాచ్ 7 గంటల 20 నిమిషాలు పట్టింది.

సమ్మెలో పాచికల ఆల్‌స్టార్

పాటకెట్ మ్యాచ్ ముగిసిన రోజున అమెరికాలో మేజర్ లీగ్ ఆటగాళ్లు సమ్మెలో ఉన్నారు. జూలై 14న క్లీవ్‌లాండ్‌లో జరగాల్సిన ఆల్‌స్టార్ మ్యాచ్ ఆగిపోయింది. అప్పుడు అదే స్టేడియంలో ‘స్ట్రాట్-ఓ-మాటిక్’ అనే కార్డులు, పాచికల ఆటతో ఆ మ్యాచ్ ఆడించారు. దీన్ని హాల్ రిచ్‌మన్ పదకొండేళ్ల వయసులో తనకోసం తయారుచేసుకుని, 1961లో అమ్మకానికి పెట్టాడు. ప్రతి ఆటగాడికీ ఒక కార్డు ఉంటుంది. పోయిన సీజన్‌లో అతను ఎలా ఆడాడో ఆ నిష్పత్తులే అందులోకి ఎక్కుతాయి. ఖాళీ స్టేడియంలో పాచికలు దొర్లించారు. ఆల్‌స్టార్ మ్యాచ్‌లో తలపడే రెండు లీగ్‌ల్లో నేషనల్ లీగ్ 15-2తో గెలిచింది. సమ్మె ముగిశాక ఆగస్టు 9న అసలు మ్యాచ్ జరిగితే అందులోనూ నేషనల్ లీగే, 5-4తో.

వరల్డ్ సిరీస్ లేని ఏళ్లు రెండే. 1904లో న్యూయార్క్ జెయింట్స్ అవతలి కొత్త లీగ్‌ను తక్కువగా చూసి ఆడనంది. 1994లో మళ్లీ సమ్మె వచ్చింది. ఆ ఏడు 74 గెలుపులతో అందరికన్నా పైన ఉన్న మాంట్రియల్ ఎక్స్‌పోస్‌కు ఫైనల్ ఆడే యోగం తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆ జట్టు 2005లో వాషింగ్టన్‌కు తరలిపోయింది.

సొంత మైదానం లేని జట్టు

ఫిలిప్ రాత్ 1973 నవల ‘ద గ్రేట్ అమెరికన్ నావెల్’లో రూపర్ట్ మండీస్ అనే జట్టు 1943 సీజన్ మొత్తం ఊళ్లు తిరుగుతూ ఆడుతుంది. యజమానులు దాని స్టేడియాన్ని సైన్యానికి అద్దెకిచ్చేశారు. ఆ లీగ్‌ను తర్వాత చరిత్రలోంచే చెరిపేస్తారు. అలాంటి లీగ్ ఉండేదని చెప్పడానికి మిగిలింది ఒక్క ముసలి విలేకరి.

ఒకే బ్యాటర్, రెండు ముగింపులు

బెర్నార్డ్ మాలమడ్ 1952లో రాసిన ‘ద నేచురల్’లో రాయ్ హాబ్స్ న్యూయార్క్ నైట్స్ తరఫున ఆడతాడు. టైటిల్ తేల్చే మ్యాచ్‌లో డబ్బు తీసుకుని ఓడేందుకు ఒప్పుకుంటాడు. ఆట మధ్యలో మనసు మార్చుకుంటాడు కానీ ఆలస్యమైపోతుంది. అతని బ్యాటు చీలిపోతుంది, అతను స్ట్రైకౌట్ అవుతాడు. 1984 సినిమాలో రాబర్ట్ రెడ్‌ఫర్డ్ అదే చోట కొట్టిన బంతి స్టేడియం దీపాలను పగలగొడుతుంది. సినిమా అందంగా ఉంది. కానీ నవల ధైర్యం దానికి లేదు. బేస్‌బాల్ సాహిత్యంలో ఓటమి కొత్తేమీ కాదు. 1888 జూన్ 3న శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్‌లో అచ్చయిన ఎర్నెస్ట్ థేయర్ పద్యం ‘కేసీ ఎట్ ద బ్యాట్’లో కూడా మడ్‌విల్ జట్టు 4-2తో ఓడిపోతుంది. హీరో ఓడినందుకే ఆ పద్యం ఇన్నేళ్లు నిలిచింది.

1989 చెప్పిన జోస్యాలు

ఒకే ఏడాది వచ్చిన మూడు హాలీవుడ్ సినిమాలు మూడు దారుల్లో నిజానికి దగ్గరగా వచ్చాయి. ‘బ్యాక్ టు ద ఫ్యూచర్ 2’లో హీరో 2015 అక్టోబరు 21కి వెళ్తాడు. అక్కడ చికాగో కబ్స్ వరల్డ్ సిరీస్ గెలిచిందని, అదీ మయామీ మీద అని బోర్డు మీద చూసి నోరెళ్లబెడతాడు. సినిమా తీసేనాటికి మయామీలో మేజర్ లీగ్ జట్టే లేదు, 1993లో వచ్చింది. కబ్స్ 1908 నుంచి టైటిల్ ముఖం చూడలేదు. నిజంగా 2015 అక్టోబరు 21 వచ్చినప్పుడు, సరిగ్గా అదే రాత్రి, కబ్స్ మెట్స్ చేతిలో వరుసగా నాలుగో ఓటమి తిని ప్లేఆఫ్స్ నుంచి బయటికి పోయింది. మరుసటి ఏడాది 108 ఏళ్ల కరువు తీరింది. జోస్యం ఒక్క ఏడాది తేడాతో తప్పింది.

కబ్స్ 2016లో ఓడించింది క్లీవ్‌లాండ్‌ను. ‘మేజర్ లీగ్’ సినిమాలో యాంకీస్‌ను మట్టికరిపించిన జట్టు అదే. నిజం లోకంలో ఆ ఊరు 1948 తర్వాత వరల్డ్ సిరీస్ గెలవలేదు. ఇప్పుడున్న జట్లలో ఇంత పొడవైన ఎదురుచూపు ఇంకెవరికీ లేదు.

మూడోది ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’. మొక్కజొన్న చేను తీసి కట్టిన మైదానంలోకి చనిపోయిన ఆటగాళ్లు వస్తారు. ఆ సెట్ వేసిన అయోవాలోని డయర్స్‌విల్‌లో, సినిమా మైదానం పక్కనే, 2021 ఆగస్టు 12న అసలు మేజర్ లీగ్ మ్యాచ్ జరిగింది. ఆటగాళ్లు మొక్కజొన్నలోంచి నడిచి వచ్చారు. చికాగో వైట్ సాక్స్ తరఫున టిమ్ ఆండర్సన్ చివరి ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్‌రన్ కూడా ఆ చేలోనే పడింది. స్కోరు 9-8.

అత్యంత వేగం

స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక 1985లో మెట్స్ జట్టు శిబిరంలో ఉన్న సిడ్ ఫించ్ అనే పిచ్చర్ గురించి పెద్ద వ్యాసం వేసింది. టిబెట్‌లో యోగం నేర్చుకున్నాడట, ఒక కాలికి మాత్రమే బూటు వేసుకుంటాడట, గంటకు 168 మైళ్లు, అంటే 270 కిలోమీటర్ల వేగంతో విసురుతాడట. మెట్స్ అభిమానులు పండగ చేసుకున్నారు. సంచిక తేదీ ఏప్రిల్ 1. రాసింది జార్జ్ ప్లింప్టన్. నిజమైన రికార్డు 2010లో అరోల్డిస్ చాప్‌మన్ విసిరిన 105.8 మైళ్లు, దాదాపు 170 కిలోమీటర్లు. మన క్రికెట్‌లో షోయబ్ అఖ్తర్ 2003లో నమోదు చేసిన 161.3 దానికి దగ్గర్లోనే ఉంది.

అందరికన్నా ఎక్కువకాలం దాచిన లీగ్

‘ఆన్ ద రోడ్’ రాసిన జాక్ కెరొవాక్ పేరు సాహిత్యం చదివేవాళ్లకు కొత్త కాదు. మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో పెరిగిన ఈ మనిషి చిన్నప్పుడే ఒక లీగ్ కల్పించుకున్నాడు. జట్లకు కార్ల పేర్లో రంగుల పేర్లో పెట్టాడు: పిట్స్‌బర్గ్ ప్లిమత్స్, న్యూయార్క్ షెవీస్, బోస్టన్ గ్రేస్. గోళీలు, పుల్లలు, రబ్బరు ముక్కలు ఎక్కడ పడితే దాన్నిబట్టి ఫలితం. తర్వాత కార్డులు తయారుచేశాడు. ఆటగాళ్లకు జీతాలు, గాయాలు, జట్ల ఆర్థిక లెక్కలు, మ్యాచ్‌ల మీద వార్తాపత్రికలు అన్నీ తనే రాశాడు. పేరొచ్చి, పుస్తకాలు అమ్ముడుపోయి, ప్రపంచం తన చుట్టూ తిరుగుతున్నప్పుడు కూడా ఆపలేదు. దగ్గరి స్నేహితుల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు.

మనవాళ్లలో వెనక బెంచీలో కూర్చుని బుక్ క్రికెట్ ఆడినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పుస్తకం తెరిచి పేజీ నంబరు చివరి అంకె చూసుకుని, గవాస్కర్ అవుటైతే అవుటనే రాసుకున్న ప్రతి పిల్లాడూ ఒక లీగ్ నడిపినవాడే. తేడా ఏమిటంటే, కెరొవాక్ కాగితాలు పారేయలేదు. ఇప్పుడవి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ బెర్గ్ సేకరణలో, అతని నవలల రాతప్రతుల పక్కనే ఉన్నాయి. వాటి మీద 2009లో ఆ లైబ్రరీ ఒక పుస్తకమే వేసింది. రచయిత చిన్న వయసు నుంచీ పేర్లు ఎలా పెట్టేవాడో, ఒక మ్యాచ్‌ను కథగా ఎలా చెప్పేవాడో అందులో కనబడుతుంది.

మీ ఇంట్లో అటక మీదో పాత ట్రంకుపెట్టెలోనో అలాంటి స్కోర్ల నోటుపుస్తకం ఉంటే, పాత పేపర్లవాడికి వేయకండి. మీ పేరు, ఏ ఊళ్లో ఏ క్లాసులో ఉండగా ఆడారో అట్ట మీద రాసి, దాచిపెట్టండి.